గుంటలో దిగని అక్షరాలు

పిల్లలూ! మీ ఇంట్లో అగ్గిపెట్టె ఉన్నదా? దాని సొరుగును వేలితో నెట్టి చూడండి. సుళువుగా జరుగుతుంది, అలాగని దానంతటది జారి కిందపడదు. సొరుగు వెడల్పూ, తొడుగు లోపలి వెడల్పూ సరిగ్గా ఒకటే అయితే అది బిగుసుకుపోయేది. మరీ ఖాళీ ఉంటే పుల్లలన్నీ ఒలికిపోయేవి. ఆ కాస్త ఖాళీలోనే ఉన్నది పనితనం! దానికోసం మా మేనల్లుడు పడిన పాట్లు ఈ నెల మీకు చెబుతాను.

మావాడు తెనాలిలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడి బాబాయి కూతురు బాపట్లలో ఉంటుంది. దసరాకు ఆ పిల్లకు అక్షరాభ్యాసం. చెల్లెలికి తన చేత్తో అక్షరాల పలక చేసి ఇవ్వాలని వీడి కోరిక. పలకలో వరుసకు 8 చొప్పున 7 వరుసల గుంటలు. వర్ణమాలలోని 56 అక్షరాలకు 56 చెక్క బిళ్లలు. ఏ అక్షరాన్ని ఆ గుంటలో పెట్టాలి.

రేపల్లెలో ఉన్న వాళ్ల తాతయ్య వడ్రంగి. పాత ఇంటి టేకు తలుపు చెక్క ఒకటి ఆయన ఎన్నో ఏళ్లుగా దాచి ఉంచాడు. దానిలోంచి పలకా, 40 మిల్లీమీటర్ల చదరపు బిళ్లలూ కోసి ఇచ్చి, "ఒరే అబ్బాయీ, ఇలాంటి చెక్క ఇంకొకటి లేదు. జాగ్రత్త!" అన్నాడు.

గుంటలు తీయటానికి వాడు ఆ పలకను తెనాలిలో ఒక దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడ సి.ఎన్.సి. యంత్రం ఉన్నది. అంటే కంప్యూటరు ఇచ్చే అంకెలను బట్టి నడిచే కోత యంత్రం. ఇలాంటిదాన్ని మొదట 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో నడిపి చూపించారు. అప్పట్లో అంకెలకు బదులు పట్టీ మీద బెజ్జాలుండేవి. దీని మూతికి బిట్టు అనే సన్నని కోత పనిముట్టు బిగిస్తారు. అది గిరగిర తిరుగుతూ, చెప్పిన దారి వెంట పోతూ, కర్రను తొలిచేస్తుంది.

బిళ్ల 40 కనుక, ఖాళీ కోసం గుంటను 40.2 మిల్లీమీటర్లు తీయమని మావాడు అంకెలు రాసి ఇచ్చాడు. మేస్త్రీ ముందుగా ఏదైనా పనికిరాని చెక్క మీద చూద్దామన్నాడు. "యంత్రం పొరపాటు చేస్తుందా?" అని వీడు వినలేదు. మొదటి వరుస 8 గుంటలూ తయారైనాయి. తీరా బిళ్ల పెట్టి చూస్తే ఒక్కటీ దిగలేదు!

మావాడి ముఖం వాడిపోయింది. "యంత్రం తప్పు కొలిచింది," అన్నాడు.

మేస్త్రీ నవ్వాడు. "అది కొలవదు బాబూ. పొమ్మన్న చోటికి పోతుంది, అంతే. కొలవటం మన పని," అన్నాడు.

కాలిపర్సు పెట్టి చూస్తే గుంట సరిగ్గా 40 ఉన్నది. 0.2 తక్కువ! ఈ లోటు ఎక్కడిది? అప్పుడు మేస్త్రీ ఒక పాత చెక్క మీద రెండు గుంటలు తీశాడు; ఒకటి 20, ఒకటి 80. కొలిస్తే 19.8, 79.8 వచ్చాయి.

పిల్లలూ, ఇక్కడ కాస్త ఆలోచించండి. ఒకడు అడుగులు లెక్కపెట్టి దూరం కొలుస్తున్నాడనుకోండి. వాడి అడుగే చిన్నదైతే, దూరం పెరిగేకొద్దీ తప్పు కూడా పెరుగుతుంది. యంత్రం నడకలో తప్పుంటే 20లో 0.2 తగ్గినచోట 80లో 0.8 తగ్గాలి. కాని రెండింటిలోనూ లోటు ఒకటే! అంటే నడక సరిగానే ఉన్నది, తప్పు బిట్టుదన్నమాట.

బిట్టు 6 మిల్లీమీటర్లని కంప్యూటరుకు చెప్పారు. అందుచేత బిట్టు మధ్యభాగం గుంట అంచుకు 3 మిల్లీమీటర్లు ఇవతలగా నడిచింది. ఆ బిట్టుతో ఒకే ఒక్క గాడి తీసి కొలిస్తే, గాడి వెడల్పు 5.8 మాత్రమే! మొద్దుబారిన బిట్టును సాన పట్టితే అది కొంత సన్నబడుతుంది. ఈ సంగతి కంప్యూటరుకు ఎవరూ చెప్పలేదు. బిట్టును కొలవటం కన్నా అది తీసిన గాడిని కొలవటమే మేలు. ఎందుకంటే, బిట్టు కొంచెం వంకరగా బిగిసి ఊగుతూ తిరిగితే గాడి వెడల్పవుతుంది. ఆ తేడా కూడా గాడిలోనే తెలుస్తుంది.

పలకను బల్ల మీదినుంచి ఇంకా కదిలించలేదు. 6కు బదులు 5.8 అని చెప్పి, ఆ గుంటల్నే మళ్లీ తొలిచారు. చుట్టూ 0.1 మాత్రమే కోయాలి కనుక బిట్టు మీద భారం పడలేదు. ఒక్కసారే లోతుగా కోస్తే బిట్టు వంగి గోడ వంకర తిరుగుతుంది. అందుకే చివరి కోత ఎప్పుడూ పలచగా ఉండాలి. అదృష్టం చూశారా? గుంట చిన్నదైంది కనుక పెంచగలిగారు. పెద్దదైతే ఏం చేసేవారు?

ఈసారి గుంట 40.2 ఉన్నది. అయినా బిళ్ల దిగలేదు!

కారణం మూలల్లో ఉన్నది. గుండ్రంగా తిరిగే బిట్టు పదునైన మూలను తీయలేదు. గుంట నాలుగు మూలలూ గుండ్రంగా మిగిలాయి. తాతయ్య కోసిన బిళ్లల మూలలేమో సూదిగా ఉన్నాయి. ఉలితో గుంటల మూలలు చెక్కవచ్చు. కాని బిళ్లల మూలలనే అరగదీస్తే పసిపిల్ల వేళ్లకు గుచ్చుకోవు కూడాను. 56 బిళ్లలకు 224 మూలలు! మావాడు గరుకు కాగితంతో నాలుగు రోజులు కూచుని అరగదీశాడు.

మిగిలిన గుంటలు కూడా తీయించి, వాడు పలకా బిళ్లలూ పట్టుకుని రైల్లో రేపల్లె వెళ్లాడు. తాతయ్య ఒక బిళ్లను తీసి, పావు తిప్పి పెట్టాడు. అలా కూడా దిగింది. "ఇప్పుడు ఎటు తిప్పినా దిగుతుంది. వానలు పడ్డాక ఇలా అడ్డంగా పెడితే దిగదు," అన్నాడు.

ఎందుకని? కర్ర గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. చారల పొడవునా దాదాపు పెరగదు. వాటికి అడ్డంగా పెరుగుతుంది. టేకులో తేమ నూటికి 4 పాళ్లు పెరిగితే, 40 మిల్లీమీటర్ల బిళ్ల అడ్డంగా 0.3 వరకు పెరగవచ్చు. మన ఖాళీ 0.2 మాత్రమే! అయితే పలక ఉబ్బినప్పుడు గుంట కూడా దానితోపాటే అటువైపు పెరుగుతుంది. కనుక పలక చారలూ, బిళ్ల చారలూ ఒకే వైపు ఉంటే రెండూ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. తాతయ్య ప్రతి బిళ్ల చారలూ చూసి, ఏది పైకి ఉండాలో పెన్సిలుతో గీతపెట్టి ఇచ్చాడు. ఆ గీతను బట్టే అక్షరాలు చెక్కించారు.

బాపట్లకు సముద్రం దగ్గర; సూర్యలంక గాలి తేమగా ఉంటుంది. దసరానాడు మావాడు గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాడు. చెల్లెలు "అ" బిళ్లను తీసి గుంట మీద పెట్టింది. బిళ్ల చప్పుడు లేకుండా దిగిపోయింది.

మీరూ ఒక పని చేయండి. అగ్గిపెట్టె సొరుగునూ, తొడుగునూ కొలిచి, ఎంత ఖాళీ ఉన్నదో రాసుకోండి. కోత యంత్రం జోలికి మాత్రం, పెద్దలు పక్కన లేకుండా, కళ్లద్దాలు పెట్టుకోకుండా పోకండి. ఎప్పుడైనా దానితో పని పడితే మొదటి గుంట పనికిరాని చెక్క మీద తీసి, కొలిచి, ఆ తరవాతనే మంచి చెక్కను ముట్టుకోండి!