పురావస్తు పటము – ప్రజల విధి

2016 అక్టోబరులో ఓరుగల్లు జిల్లాను విభజించి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలను ఏర్పరచిరి. నూతన సరిహద్దుల పటములు ప్రతి కచేరీలోను కలవు. ఏ గ్రామమున ఏ ప్రాచీనావశేషము కలదో తెలుపు పటము ప్రతి పఠనాలయమునందును ఉండవలదా యని మేమడుగుచున్నాము.

సాధనములకు కొరత లేదు. ఇస్రో సంస్థ 2009 లో ఆరంభించిన ‘భువన్’ ఉపగ్రహ పటములను హైదరాబాదు నందలి జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రమే నడుపుచున్నది. పటములు సిద్ధపరచుటకు భారతీయులకుండిన అనుమతుల నిర్బంధమును కేంద్రప్రభుత్వము 2021 లో చాలవరకు తొలగించినది. ఒకనాడు పాలకులు శిస్తుకొరకు మన భూమిని కొలిపించిరి. నేడు చరిత్రకొరకు దానిని మనమే కొలుచుకొనవచ్చును.

అయినను ఆనవాలు వేరు, రుజువు వేరు. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున నిర్మింపజేసిన చెరువుకట్ట ఆకాశమునుండి కనబడును. కాకతీయ వంశక్రమమును తెలుపు అచ్చటి శాసనమును మాత్రము నేలపై నిలిచియే చదువవలెను. ప్రజలు రాకాసి గుళ్ళని పిలుచు శిలావలయములు జనగామ మెట్టభూములలో వేసవి చిత్రములందు వలయములుగ పొడకట్టవచ్చును. భూపాలపల్లి యడవులలో వానిని చెట్లు కప్పివేయును. పాండవుల గుట్ట గుహలలోని వర్ణచిత్రములను ఏ ఉపగ్రహమును చూపజాలదు. కావున చిత్రమున గుర్తించినదానిని నడచిపోయి నిర్ధారింపవలెను. పశులకాపరులను, గ్రామవృద్ధులను విచారింపవలెను.

ఆలస్యము ప్రమాదకరము. నాగలి, రాతిగని, మట్టి త్రవ్వు యంత్రము ఒక్క దినములో రూపుమాపిన వలయమును ఏ శాస్త్రజ్ఞుడును తిరిగి నిలుపలేడు. 1958 నాటి కేంద్రశాసనమునకు 2010 లో గావించిన సవరణ, రక్షిత కట్టడము చుట్టును 100 మీటర్లవరకు నూతన నిర్మాణమును నిషేధించినది. కాని ప్రకటింపబడని స్థలమునకు ఆ రక్షణ లేదు. గుర్తింపబడనిదానిని ప్రకటించుట యెట్లు?

స్థలములను వెల్లడించిన గుప్తనిధుల వేటగాండ్రకు దారి చూపినట్లగునని కొందరి యాక్షేపణ. అది నిరాధారము కాదు. 10 రూపాయలకు మించిన నిధి దొరకినను కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించుచున్నను దురాశ అడగలేదు. అందుచే పఠనాలయ పటమున గ్రామనామము చాలును. ఖచ్చితమైన స్థానమును రాష్ట్ర పురావస్తు శాఖకు మాత్రమే అందజేయవలెను.

కళాశాలా విద్యార్థులు, ఉపాధ్యాయులు మండలమున కొక బృందముగ నేర్పడి, వచ్చు వేసవిలోనే ఈ కార్యమునకు పూనుకొందురుగాక. ప్రభుత్వము వారి నివేదికలను స్వీకరించి, విచారించి, రక్షణ ప్రకటనలు గావింపవలెనని కోరుచున్నాము. తన నేలయందేమి కలదో యెరుగని జాతి దానిని కాపాడుకొనజాలదు.