తాడు పట్టేది మన్యం పిల్లలే కావాలి

భువనగిరి అంటే చాలామందికి కోట. రాళ్లెక్కడం నేర్చుకునే పిల్లలకు మాత్రం ఆ కోటను మోస్తున్న ఏకశిలే బడి. అక్కడ తర్ఫీదు పొందిన సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లల్లో ఇద్దరు, నిజామాబాద్ జిల్లా పాకాలలో లంబాడా ఇంట పుట్టిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. ఇద్దరివీ రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్లు.

అది జరిగి పదేళ్లు దాటింది. అలాంటి బడి అరకులో ఎందుకు లేదు?

కొండల్లో పుట్టారు కదా, వాళ్లకది వెన్నతో పెట్టిన విద్య అని మైదానంలో కూర్చుని అనేస్తుంటాం. నేనొప్పుకోను. వాలు మీద వలిసె పండించడం, కాఫీ తోటలకు ఎక్కి దిగడం కాళ్లకు బలమిస్తాయి, నిజమే. రాతి పగుల్లో వేళ్లు ఇరికించి ఒంటి బరువంతా బొటనవేలి మీద నిలపడం వేరే విద్య. దానికి గురువు కావాలి, పట్టున్న బూట్లు కావాలి, రోజూ సాధన కావాలి. పూర్ణనూ ఆనంద్‌నూ శిఖరానికి చేర్చింది పుట్టుక కాదు, భువనగిరిలో, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో చేయించిన కఠోర సాధన.

ఈ ఆటలో ఎక్కేవాడి కంటే కింద నిలబడ్డవాడి పనే నాకు గొప్పగా అనిపిస్తుంది. ఎక్కే మనిషి నడుముకున్న హార్నెస్‌కు తాడును ఎనిమిది అంకెలా ముడేసి, కొసను మళ్లీ అదే దారిలో నడిపి బిగిస్తారు. కిందివాడు ఆ ముడిని లాగి చూస్తాడు. పైకెళ్లేవాడు ఇతని బిగింపులు చూస్తాడు. ఆ తర్వాతే పాదం నేల విడుస్తుంది. పైన జారితే కింద ఉన్న చెయ్యే దిక్కు. నల్లమల చెంచులు కొండచరియల్లో తేనె తీసేటప్పుడు తాడు దగ్గర కాపలా ఉండేది బావమరిది అంటారు. తోబుట్టువు పసుపుకుంకుమలు ఆ తాడుకే వేలాడుతుంటాయి కాబట్టి అతను చెయ్యి వదలడు.

మన్యంలో ఈ విద్యకు ఆటను మించిన అవసరం కూడా ఉంది. అక్కడి కొండల్లో ఇప్పటికీ గర్భిణులను డోలీలో మోసుకొస్తున్న ఊళ్లున్నాయి. రోడ్డు వేయడం ప్రభుత్వ బాధ్యత, ఏ తాడూ దానికి బదులు కాదు. కానీ జలపాతం దగ్గర ఎవరైనా జారిపడితే, వానాకాలంలో చరియ విరిగిపడితే ముందుగా పరుగెత్తేది పక్క ఊరి కుర్రాళ్లే. వాళ్ల చేతికి తాడు పని వస్తే నిలిచే ప్రాణాలు కొన్నైనా ఉంటాయి.

అయితే బోల్టులు పట్టుకుని బండల మీదికి పరుగెత్తే ముందు ఇటలీ అనుభవం తెలుసుకోవాలి. 1985 జులైలో ఆల్ప్స్‌లోని బార్డోనెక్కియా దగ్గర సహజమైన కొండగోడ మీద ‘స్పోర్ట్‌రొచ్చా’ పోటీ పెట్టారు. జర్మనీ కుర్రాడు స్టెఫాన్ గ్లోవాచ్, ఫ్రాన్స్ అమ్మాయి కాథరిన్ దెస్తివెల్ గెలిచారు. నేటి స్పోర్ట్ క్లైంబింగ్ పోటీలకు నాంది అదే. మరుసటి ఏడాది ఆర్కో పట్టణమూ ఈ పోటీలకు వేదికైంది. పోటీకి తగ్గట్టు రాతిని చెక్కడం, వేల జనం కొండపాదాన్ని తొక్కడం నిర్వాహకులనే ఆలోచనలో పడేశాయి. కొన్నేళ్లకే పోటీలు కట్టిన గోడల మీదికి మారాయి.

మనం ఆ గోడతోనే మొదలుపెట్టవచ్చు. టోక్యో ఒలింపిక్స్‌తో ఈ ఆట ఒలింపిక్స్‌లో చేరింది. వేగం పోటీలో గోడ ఎత్తు 15 మీటర్లు, పట్టుల అమరిక ప్రపంచమంతటా ఒక్కటే. 2024 పారిస్‌లో అమెరికా కుర్రాడు శామ్ వాట్సన్ దాన్ని 4.74 సెకన్లలో ఎక్కేశాడు. అరకు గురుకులం ఆవరణలో అలాంటి గోడ లేస్తే, అక్కడి అమ్మాయి ఎక్కిన సమయాన్ని నేరుగా పారిస్ సమయంతో పోల్చి చూసుకోవచ్చు. అంత దూరాన ఉన్న లోకం ఒక్కసారిగా అందే ఎత్తుకు వస్తుంది.

సహజమైన రాయి సంగతి ఆ తర్వాత, నిదానంగా చూడాలి. భువనగిరిది గ్రానైట్. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉన్న ఖొండలైట్ ఎండావానలకు లోపలిదాకా మెత్తబడే రాయి. గాలికొండ మీది బాక్సైట్ అలా ఏర్పడిందే. అందులో దిగ్గొట్టిన బోల్టును నమ్మి ఒక పిల్లను వేలాడదీయలేం. చార్నొకైట్ నయం, గట్టిది. బొర్రా సున్నపురాయి గుహలను అసలు ముట్టుకోకూడదు. ఏ రాయి గుణం ఏమిటో భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పాలి, ఏ బండ దగ్గర పూజ జరుగుతుందో ఊరి పెద్దలు చెప్పాలి.

ఊరివాళ్ల మాట వినడం మర్యాద కోసం కాదు, హక్కు వాళ్లది కాబట్టి. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత సంస్థ పోరాడిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని తేల్చింది. గని పేరుతో చెల్లనిది సాహస క్రీడ పేరుతో దొడ్డిదారిన రాకూడదు. నా భయమల్లా అదే. పట్నం కంపెనీ బండ కింద రిసార్టు కడుతుంది, కొండదొర కుర్రాడికి బ్యాగులు మోసే పని, వాళ్లక్కకు గదులు ఊడ్చే పని ఇస్తుంది, దాన్నే ఉపాధి అంటారు. కాఫీ అలా కాలేదు. గిరిజన రైతుల సొంత తోటల్లో పండిన అరకు అరబికా 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది.

కాబట్టి పాడేరు ఐటీడీఏ, గిరిజన సంక్షేమ గురుకులాలు కలిసి ముందు ఆ గోడ కట్టాలి. భువనగిరిలో పనిచేసిన కోచ్‌లను రప్పించి, స్థానిక యువతీయువకులనే శిక్షకులుగా తయారుచేయాలి. బండ మీద తొలి బోల్టు దిగేముందు పెసా చట్టం ప్రకారం గ్రామసభ కూర్చోవాలి, వద్దంటే అక్కడితో ఆగాలి. కోచ్ జీతం నెలనెలా పడాలి. తాడుకూ ఆయుష్షు ఉంటుంది కాబట్టి పాత తాళ్లు, అరిగిన హార్నెస్‌లు మార్చడానికి ఏటా విడిగా పద్దు ఉండాలి. ప్రారంభోత్సవం నాడు కొన్న తాడునే పదేళ్లు వాడించే బడి అయితే, దయచేసి తెరవొద్దు.