అయ్యగారి ఇంటికి మేం పడ్డ బాకీ

మా సంఘాల్లో సాక్ష్యాలకు ఒక మూస ఉంది. బిడ్డ జ్వరంతో కాలిపోతున్నా ప్రభువు పనే ముందని కూడికకు వచ్చేశానని సేవకుడు చెప్పగానే మందిరం ‘స్తోత్రం’ అంటూ దద్దరిల్లుతుంది. ఆ రాత్రంతా బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ మార్చింది ఎవరని మాలో ఒక్కరమూ అడగలేదు. పైగా ఇంటిని ఎంత వదిలేస్తే సమర్పణ అంత గొప్పదని లెక్క కట్టాం. సేవకులు ఇల్లు పట్టించుకోరని ఇప్పుడు గొణుగుతున్న సంఘ పెద్దలమే ఆ రోజు గట్టిగా చప్పట్లు కొట్టాం.

బుధవారం బైబిల్ స్టడీ, శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యవనస్థుల కూడిక, ఆదివారం ఆరాధన. మధ్యలో పుట్టినరోజులు, జ్ఞాపకార్థ కూడికలు, ఆసుపత్రి చుట్టూ తిరగడాలు. అర్ధరాత్రి అత్తాకోడళ్ల తగాదా వచ్చినా ఫోను సేవకుడికే, అంటే మా అయ్యగారికే. ఎత్తకపోతే ‘ఈమధ్య అయ్యగారు మారిపోయారు’ అన్న మాట ఆదివారానికల్లా సంఘమంతా పాకుతుంది. సోమవారం ఆయనకు సెలవని పేరు. చావులు సోమవారమని ఆగవు కదా అని వాదించాం. నిజమే, ఆగవు. కానీ కొత్త బండికి ప్రార్థన కూడా సోమవారమే చేయించుకున్నాం.

ఇక ఆయన భార్య, మా అమ్మగారు. జీతం లేని ఉద్యోగం ఆమెది. సండే స్కూలు ఆమెదే, స్త్రీల కూడిక ఆమెదే, పొరుగూరి నుంచి వచ్చిన ప్రసంగీకుడికి భోజనమూ ఆమెదే. అందరూ తిని లేచాక వంటింట్లో నిలబడి, గిన్నె అడుగున మిగిలిన పులుసు అన్నంలో వంపుకుని తింటుంటే చూశాం. ‘అమ్మగారి చేతి వంటే వేరు’ అని మెచ్చుకుని చెప్పులేసుకున్నాం. ఆమె కొత్త చీర కడితే కానుకల డబ్బన్నాం, పాతది కడితే సంఘం పరువు పోతుందన్నాం. పిల్లల్ని ‘పాస్టరుగారబ్బాయివై ఉండి’ అన్న ఒక్క మాటతో పెంచాం. వాడు సినిమాకు వెళ్తే కమిటీలో పంచాయితీ పెట్టాం. అదే సినిమా హాల్లో మా పిల్లలూ ఉన్నారన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మేం చెప్పుకునే కథల్లోనూ ఇదే తీరు. విలియం కేరీ గురించి ప్రతి మిషనరీ ఆదివారం చెప్పుకుంటాం. 1818లో శ్రీరాంపూరు నుంచి తెలుగు కొత్త నిబంధన అచ్చయి రావడం వెనుక ఆయన కృషి ఉంది కాబట్టి చెప్పుకోవలసిందే. ఆయన భార్య డొరొతీ మొదట భారతదేశానికి రానంది. చివరికి చంటిబిడ్డతో 1793లో ఓడెక్కింది. మరుసటి ఏడాది అయిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆమె మతి చెదిరింది. ఆయన అనువాదాలు చేస్తుంటే పక్క గదిలో ఆమె కేకలు వినిపించేవట. 1807లో ఆ స్థితిలోనే కన్నుమూసింది. తల్లి ఉండీ లేనట్టయిన మిగిలిన మగపిల్లల్ని తోటి మిషనరీ హన్నా మార్ష్‌మన్ చేరదీసింది. మా ప్రసంగాల్లో కేరీ చెప్పులు కుట్టిన కథ ఉంటుంది, డొరొతీ ఉండదు. ఆమె పేరెత్తితే వీరగాథ చెడుతుందని మా భయం.

వాక్యం తెలియక చేశామా అంటే అదీ కాదు. తన ఇంటిని ఏలుకోలేనివాడు సంఘాన్ని ఎలా చూస్తాడని పౌలు తిమోతికి రాసిన మాట సేవకుల ప్రతిష్ఠ రోజున మేమే చదివించాం. ఏలీ కొడుకుల సంగతి, బెయేర్షెబాలో లంచాలు మరిగిన సమూయేలు కొడుకుల సంగతి సండే స్కూల్లో నేర్పించాం. అవి సేవకుడి తప్పులు పట్టడానికే పనికొచ్చాయి. ఏలుకోవడానికి ఆయన ఇంట్లో ఉండాలి కదా, ఆ వేళ మేం ఎక్కడ మిగిల్చాం?

పెద్దలారా, వచ్చే కమిటీలో ప్రార్థన అయ్యాక మొదటి తీర్మానంగా సోమవారం అయ్యగారి ఇంటిదని మినిట్స్ పుస్తకంలో రాయించండి. చావుకు, ప్రమాదానికి తప్ప ఆ రోజు ఫోను వద్దు. అతిథుల భోజనం వంతులవారీగా మన ఇళ్లలో పెడదాం. తీర్మానం కింద ముందు మన సంతకాలు ఉండాలి.