పాస్ మంచిదే, గానీ అందులో ఉన్న పేరు మనదేనా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చివరి వరకు చదవండి.

మొన్న ఒక అన్న మన గ్రూప్‌లో విదేశీ చదువుల స్కాలర్‌షిప్ గురించి పెట్టారు. కింద ఒక తమ్ముడు "విదేశాలు, టీకా పాసులు ఇవన్నీ మనకేటి సంబంధం, ముందు మన ఊరికి రోడ్డు రానీ" అని రాశాడు. ఆ మాట తప్పని నేను అనను. మా ఊరికి కూడా రోడ్డు సగం దాకానే ఉంది, మిగతాది నడకే. గానీ రోడ్డు వచ్చాక కాగితాల సంగతి చూద్దాంలే అనుకుంటే, ఆ రోడ్డు మీద బయల్దేరిన మన పిల్లలు చివరి గేటు దగ్గర ఆగిపోతారు. అలా ఆగిపోయిన మనిషిని నేను చూశాను.

మా పక్క ఊరి అక్క ఒకామె నర్సింగ్ చదివింది. మా వైపు నుంచి అంత చదివిన మొదటి ఆడపిల్ల. సిటీలో ఒక ఆస్పత్రిలో పని చేస్తుండగా 2021లో గల్ఫ్‌లో ఉద్యోగం కుదిరింది. స్టాఫ్ కాబట్టి అందరికంటే ముందే రెండు డోసులు పడ్డాయి. కోవిషీల్డే, ఆ దేశం ఒప్పుకున్న టీకానే. సర్టిఫికెట్ ఫోన్‌లో ఉంది, క్యూఆర్ కోడ్ ఉంది. గానీ ఆధార్‌లో ఇంటిపేరు "వంతాల"కి ఇంగ్లీషులో "టి" పక్కన "హెచ్" ఉంది, పాస్‌పోర్టులో లేదు. టీకా ఆధార్ మీద వేశారు కాబట్టి సర్టిఫికెట్‌లోకి ఆధార్ పేరే వచ్చింది. కోవిన్‌లో తప్పు దిద్దుకోవడానికి ఒక్కసారే వీలుండేది. అక్క ఒక నెట్ సెంటర్‌కి వెళ్లింది, అక్కడి అబ్బాయి తొందరలో ఇంకో అక్షరం తప్పు కొట్టాడు. అయిపోయింది. పేరు కలవలేదని కన్సల్టెన్సీ వాళ్లు ఆమె కాగితాలు పక్కన పెట్టేశారు. ఆ బ్యాచ్ వెళ్లిపోయింది, అక్క ఉండిపోయింది.

టీకా నిజం, పాస్ నిజం, మనిషి నిజం. ఒక్క అక్షరం తేడా. మాకు ఇంటిపేరు అంటే వంశం, చుట్టరికం, ఎవరిని పెళ్లి చేసుకోవచ్చో ఎవరిని చేసుకోకూడదో చెప్పేది. కంప్యూటర్‌కి మాత్రం అది ఉత్త అక్షరాల వరస.

అసలు ఈ పాస్ ఎలా పని చేస్తుందో నాకు అర్థమైనంత చెప్తాను. మన కుల ధ్రువీకరణ పత్రం ఉంది కదా. దాని మీద తహసీల్దార్ డిజిటల్ సంతకం ఉంటుంది, నంబర్ కొడితే అసలో నకిలీయో తేలిపోతుంది. టీకా పాస్ కూడా అంతే. క్యూఆర్ కోడ్‌లో మన పేరు, టీకా పేరు, తేదీలు, ఇచ్చిన ప్రభుత్వం డిజిటల్ సంతకం ఉంటాయి. అంటే అది పనికి రావాలంటే మూడు కలవాలి. సంతకం అసలుది కావాలి. ఆ సంతకాన్ని, ఆ టీకాని అవతలి దేశం ఒప్పుకోవాలి. పాస్ మీద ఉన్న మనిషి, పాస్‌పోర్టు మీద ఉన్న మనిషి ఒకరే అని తేలాలి.

రెండోది ఎంత పెద్ద గొడవో 2021లో చూశాం. కోవిషీల్డ్ అంటే ఆస్ట్రాజెనెకా టీకానే, పూణేలో తయారవుతుంది. బ్రిటన్ ఆ టీకాని ఒప్పుకుంటాం అంది, మన దేశం ఇచ్చే సర్టిఫికెట్‌ని మాత్రం ఒప్పుకోలేదు. అక్టోబరు 4 నుంచి రెండు డోసులు వేసుకున్న ఇండియన్లు కూడా అక్కడ 10 రోజులు క్వారంటైన్ ఉండాలన్నారు. మన ప్రభుత్వం కూడా బ్రిటన్ నుంచి వచ్చేవాళ్లకి అదే రూల్ పెట్టింది. అక్టోబరు 11 నుంచి వాళ్లు వెనక్కి తగ్గారు. కోవాగ్జిన్ వేసుకున్నవాళ్ల సంగతి ఇంకా కష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యవసర వినియోగ జాబితాలో చేర్చింది 2021 నవంబరు 3న. అప్పటి వరకు చాలా దేశాల గేటు దగ్గర ఆ టీకాకి విలువ లేదు. దేశాల మధ్య గొడవ కాబట్టి దేశం కొట్లాడింది, పత్రికలు రాశాయి, సమస్య తీరింది.

మూడోది మాత్రం ఎవరికి వాళ్లే పడాలి. మనకి దెబ్బ తగిలేది అక్కడే.

బ్రిటన్ గొడవ నడుస్తున్నప్పుడే ఇంకో మార్పు జరిగింది. విదేశాలకు వెళ్లేవాళ్ల కోవిన్ సర్టిఫికెట్ మీద వయసు బదులు పుట్టిన రోజు, నెల, సంవత్సరం పూర్తిగా వచ్చే ఏర్పాటు చేశారు. సిటీ వాళ్లకి అది చిన్న విషయం. మనకి? నన్నే తీసుకోండి. నా పుట్టినరోజు అమ్మని అడిగితే "చోడి కోతలప్పుడు" అంటుంది. ఆధార్ తీసినప్పుడు సంవత్సరం మాత్రమే చెప్పారు, అందుకని జనవరి 1 పడింది. స్కూల్లో చేర్చినప్పుడు సార్ జూన్‌లో ఒక తేదీ రాశారు, టెన్త్ మెమోలో అదే ఉంది. అంటే నాకు మూడు పుట్టినరోజులు. మా హాస్టల్ రూమ్‌లో ఆరుగురం ఉంటే నలుగురికి ఆధార్‌లో జనవరి 1. ఒకరోజు లెక్క చూసుకుని అందరం నవ్వుకున్నాం. తర్వాత ఆ అక్క గుర్తొచ్చి నాకు నవ్వు ఆగిపోయింది.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తాను. డిజిటల్ పాస్‌కి నేను వ్యతిరేకం కాదు. నకిలీ సర్టిఫికెట్లు అమ్మేవాళ్లని ఆపాలంటే ఇలాంటిది ఉండాల్సిందే. డబ్బున్నోడు దొంగ కాగితం కొనుక్కుని వెళ్లిపోతే నష్టపోయేది నిజంగా టీకా వేసుకున్న మనలాంటోళ్లే. గానీ డిజిటల్ మాత్రమే అంటే ఒప్పుకోను. యూరప్‌లో 2021 జూలై 1 నుంచి ఇచ్చిన కోవిడ్ సర్టిఫికెట్ ఫోన్‌లోనూ ఉండేది, కాగితం మీదా ఉండేది, ఫ్రీగానే ఇచ్చారు. అంత సిగ్నల్ ఉన్నచోటే కాగితం ఉంచారు, సిగ్నల్ కోసం కొండెక్కే మనకెందుకు వద్దు?

మన దగ్గర మొదట్లో ఏం జరిగిందో గుర్తుందా? 2021 మే 1 నుంచి 18 నుంచి 44 ఏళ్ల వాళ్లకి టీకా అన్నారు, ఆన్‌లైన్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలన్నారు. ఓటీపీ వచ్చేలోపు మా ఊరి గట్టు మీద సిగ్నల్ పోయేది. మే 31న సుప్రీంకోర్టే ఈ డిజిటల్ తేడా గురించి కేంద్రాన్ని గట్టిగా ప్రశ్నించింది. తర్వాత నేరుగా సెంటర్‌కి వెళ్లి వేయించుకునే వీలు అందరికీ వచ్చింది. అంటే అడిగితే మారుతుంది. మనం అడగాల్సింది కూడా పెద్దదేం కాదు. పేరు, తేదీ దిద్దుకునే పని మండలంలోనే, మన కళ్ల ముందు, మనిషి చేతుల మీదుగా జరగాలి. ఒక్కసారే అవకాశం అనే రూల్ ఉండకూడదు.

"కోవిడ్ అయిపోయింది కదా, ఇంకెందుకు ఈ గోల" అంటారు. నిజమే, అమెరికా కూడా 2023 మేలో టీకా రూల్ తీసేసింది. గానీ యూరప్ కట్టిన ఆ వ్యవస్థని అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసుకుని ప్రపంచం మొత్తానికి పనికొచ్చేలా మొదలుపెట్టింది. కోవిడ్ లేకపోయినా టీకా కాగితాలు అడుగుతూనే ఉన్నారు. ఎల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకి వెళ్లాలంటే పసుపు రంగు కార్డు కావాలి. టీకా వేసిన 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో ఆ టీకా వేస్తారు. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఎంఎంఆర్ రెండు డోసుల రుజువు అడుగుతాయి. మన పీహెచ్‌సీలో పిల్లలకి వేసేది ఎంఆర్, అందులో గవదబిళ్లల టీకా ఉండదు. కాబట్టి వెళ్లే ముందు విడిగా చూసుకోవాలి. బ్రిటన్‌లో ఆరు నెలలు దాటి ఉండాలంటే టీబీ పరీక్ష ఉంటుంది. ఇవి ఎవరూ మనకి చెప్పరు. సిటీ పిల్లలకి ఇంట్లో అన్నయ్యో బాబాయో చెప్తాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే, నాకెవరు చెప్తారు?

"మనలో వెళ్లేవాళ్లెంతమంది" అన్నదానికి జవాబు. కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ జాతీయ విదేశీ స్కాలర్‌షిప్ కింద ఏడాదికి దేశం మొత్తం మీద 20 మంది ఎస్టీ పిల్లలకి అవకాశం. అందులో 3 ఆదిమ తెగల వాళ్లకి. ఇంత చిన్న గుమ్మం దాకా చేరిన మనిషి స్పెల్లింగ్ దగ్గర ఆగిపోతే, అది ఆ ఒక్కరి నష్టం కాదు. ఊరి నష్టం.

కాబట్టి ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు నాలుగు పనులు చేద్దాం.

ఒకటి, టెన్త్ మెమో, ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి పేరు, తేదీ అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే మెమోలో ఉన్నట్టు ఆధార్ మార్పించుకోండి. పాస్‌పోర్టు ఆ తర్వాతే.

రెండు, కోవిడ్ సర్టిఫికెట్ ఉంటే ఫోన్‌లో దాచుకోవడమే కాదు, రెండు ప్రింట్లు తీసి ట్రంకు పెట్టెలో వేయండి. ఫోన్ పోతుంది, నంబర్ మారుతుంది.

మూడు, చిన్నప్పటి టీకా కార్డు ఇంట్లో ఎక్కడుందో అమ్మని అడగండి. మా ఇంట్లో బియ్యం డబ్బా కింద దొరికింది, సగం చెదలు తినేసింది.

నాలుగోది అన్నింటికంటే ముఖ్యం. ఇప్పుడు పిల్లల టీకాలు, గర్భిణుల వివరాలు యు-విన్‌లో ఎక్కిస్తున్నారు. 2023 జనవరిలో 65 జిల్లాల్లో ప్రయోగంగా మొదలైంది. మన అక్క పిల్లలు, వదిన పిల్లల పేర్లు ఏఎన్‌ఎం ఎక్కిస్తున్నప్పుడు పక్కన నిలబడి స్పెల్లింగ్ చెప్పండి. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే జనన ధ్రువీకరణకి ఫీజు లేదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి చట్టం ప్రకారం పుట్టిన తేదీకి అదే అసలు రుజువు. మనకి జరిగిన జనవరి 1 వాళ్లకి జరగకూడదు.

మా అక్క ఇప్పుడు సిటీలో ఇంకో ఆస్పత్రిలో చేస్తోంది. ఆధార్ మార్పించుకుంది, మళ్లీ అప్లై చేస్తానంటోంది. "ఈసారి నా పేరు నేనే కొడతాను రా, ఎవడి చేతికీ ఇవ్వను" అంది. ఆ మాట కోసమే ఇంత రాశాను.

మీ కాగితాల్లో ఎన్ని పుట్టినరోజులు ఉన్నాయో కింద చెప్పండి. మార్పించుకున్నవాళ్లు ఎలా చేశారో కూడా రాయండి, మిగతావాళ్లకి పనికొస్తుంది. తప్పులుంటే పెద్దవాళ్లు సరిదిద్దండి.

జై ఆదివాసీ.