కాలేజీ గేటు దాటాక...

డిగ్రీ అయింది. దోస్తులంతా హైదరాబాదు, బెంగుళూరు రైలెక్కేశారు. వాట్సాప్‌లో ‘హాయ్’లు మిగిలాయి. పగలంతా మిర్చి యార్డులో కాటా లెక్కలు, సాయంత్రం ఒంటరి టీ! సినిమాకెళ్తే పక్క సీటు ఖాళీ. అవునా బ్రదర్?

‘స్నేహం చేద్దాం రండి’ అంటే ఎవరూ రారు. కలిసి ఓ పని చేయాలి. గుంటూరు ఏ.సి. కాలేజీలో చదువుకున్న ఎన్టీ రామారావు, జగ్గయ్యలను కలిపింది నాటకాలే! తర్వాత వెండితెర మీదా కలిసి నటించారు.

కాలేజీ లేకపోతేనేం? ఊళ్లో పరిషత్తు నాటకం రిహార్సల్‌కి వెళ్లండి. వేషం దొరక్కపోతే తెర లాగండి, ప్రాంప్టింగ్ చెప్పండి. శివరాత్రికి కోటప్పకొండ ప్రభ కట్టేచోట ఓ చెయ్యి వేయండి.

మొదటిరోజు ఎవరూ పలకరించకపోవచ్చు. నాలుగు రోజులు వెళ్లి ఐదోరోజు మానేస్తే, ‘నిన్న రాలేదేం?’ అని అడుగుతారు చూడండి... స్నేహం మొదలయ్యేది అక్కడే సుమా!