హెచ్చరిక మీటల నోరు కట్టరాదు

2019 మార్చి 23న నార్వే పశ్చిమ తీరంలో, తుపాను హోరులో, 1,373 మందితో సాగుతున్న 'వైకింగ్ స్కై' విహార నౌక ఇంజన్లు ఆగిపోయాయి. అదుపు తప్పిన నౌక రాళ్ల ఒడ్డు వైపు కొట్టుకుపోసాగింది. సిబ్బంది లంగర్లు దించి, ఇంజన్లను తిరిగి నడిపించగలిగారు కనుక పెను విపత్తు తప్పింది. అప్పటికీ 479 మందిని హెలికాప్టర్లలో తరలించవలసి వచ్చింది. ట్యాంకులలో కందెన చమురు తక్కువగా ఉండటం, కెరటాల ఊపుకు అది పంపులకు అందకపోవడం ఇందుకు కారణమని దర్యాప్తులో తేలింది. చమురు పీడనం పడిపోగానే రక్షణ మీటలు ఇంజన్లను ఆపివేశాయి.

ఎక్కడో ఉత్తర సముద్రాలలో జరిగిన ఈ ఉదంతం మన విద్యుత్ కేంద్రాలకు, సిమెంటు మిల్లులకు, బొగ్గు గనులకు అక్షరాలా వర్తిస్తుంది. భారీ యంత్రాల బేరింగులకు తగరం ప్రధానంగా గల తెల్లలోహపు పూత ఉంటుంది. ఇది సుమారు 240 డిగ్రీల సెల్సియస్ వద్దనే కరగనారంభిస్తుంది. తిరిగే ఇరుసుకు, ఈ పూతకు నడుమ నిలిచేది పలుచని చమురు పొర ఒక్కటే. ఆ పొర చెదిరిన కొద్దిసేపటికే బేరింగు కాలిపోతుంది, ఇరుసు దెబ్బతింటుంది.

చమురు ప్రవాహాన్ని కనిపెట్టి ఉండే మీట నిర్మాణం అతి సామాన్యమైనది. గొట్టంలో పారే చమురు ఒక చిన్న రెక్కను నెట్టిపట్టి ఉంచుతుంది. ప్రవాహం తగ్గితే స్ప్రింగు ఆ రెక్కను వెనక్కు లాగుతుంది. వెంటనే దీపం వెలుగుతుంది, గంట మోగుతుంది. అవసరమైతే యంత్రమే ఆగుతుంది. పీడనం చూపే మీటరు ఉండగా ఇది దేనికని కొందరు వాదిస్తారు. మీటరుకు ఆవల గొట్టం పూడుకుపోతే పీడనం తగ్గదు సరికదా, పెరగవచ్చు కూడా. బేరింగుకు చుక్క చమురు అందకున్నా ముల్లు మాత్రం క్షేమమనే చెబుతుంది. చమురు నిజంగా పారుతున్నదీ లేనిదీ చెప్పగలిగేది ప్రవాహపు మీటే.

అయితే ఈ కాపలాదారును కాపాడేదెవరు? మడ్డి పేరుకుని రెక్క బిగుసుకుపోతే, చమురు ఆగినా అది కదలదు. బొగ్గు ధూళి, వానాకాలపు తేమ విద్యుత్ కొనలను తినివేస్తాయి. చలికాలపు తెల్లవారుజామున చమురు చిక్కబడి, యంత్రం బయలుదేరిన కాసేపు అకారణంగా గంట మోగవచ్చు. అప్పుడే అసలు పొరపాటు జరుగుతుంది. ఉత్పత్తి ఆగరాదన్న తొందరలో మీట కొనలకు అడ్డంగా ఒక తీగ ముక్క కలుపుతారు. తాత్కాలికమని కలిపిన ఆ తీగ ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది.

అకారణంగా యంత్రం ఆగితే నష్టం నిజమే. అందుకు విరుగుడు గంట నోరు కట్టడం కాదు. చమురును ముందుగా వేడిచేసుకోవాలి, ఫిల్టర్లను సకాలంలో మార్చాలి. కీలక యంత్రాలకు మూడు మీటలు అమర్చి, రెండు ఒకే మాట చెప్పినప్పుడే యంత్రం ఆగే ఏర్పాటు చేసుకోవచ్చు. తీగ తెగినా గంట మోగే విధంగా వలయాన్ని కట్టుకోవాలి. పరీక్ష అంటే చేతితో మీట నొక్కి చూడటం కాదు. ముందుగా నిర్ణయించిన విరామ సమయంలో ప్రవాహాన్ని నిజంగానే తగ్గించి, గంట మోగిందో లేదో చూసి నమోదు చేయాలి. ఎంతటి అవసరమైనా, బాధ్యుడైన అధికారి సంతకం, గడువు లేకుండా ఏ మీటనూ పక్కన పెట్టరాదు. ఆ సంగతి షిఫ్టు మారేటప్పుడు వచ్చేవారికి లిఖితపూర్వకంగా తెలియాలి.

భోపాల్ కర్మాగారం వేరు, అక్కడి రసాయనం వేరు. కానీ జాడ్యం ఇదే. 1984 డిసెంబరు 2-3 రాత్రి అక్కడ శీతలీకరణ వ్యవస్థ ఆపివేసి ఉంది. వాయువును మండించే గోపురం పనిలో లేదు. రక్షణ సాధనాలు ఉన్నాయి, కాని పనిచేసే స్థితిలో లేవు. ఆ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి ప్రమాదకర ప్రక్రియలపై కొత్త అధ్యాయాన్ని చేర్చారు. చట్టం కాగితం మీద ఎంత కఠినంగా ఉన్నా, యంత్రం పక్కన అడ్డంగా కలిపిన తీగను అది చూడలేదు. చూడవలసినది ఆ షిఫ్టులోని మనిషి. అతడు యంత్రాన్ని ఆపినందుకు సంజాయిషీ అడిగే యాజమాన్యం, రేపు మరో తీగ ముక్కను తానే కలిపినట్లు లెక్క.

నార్వే తీరంలో మీటలు తమ విధి తాము నిర్వర్తించాయి. లోపం వాటికి ముందే, చమురు మట్టంలోనే ఉంది. అందుచేత మీట చివరి కాపలా మాత్రమేనని గ్రహించాలి. మొదటి కాపలా మనిషి శ్రద్ధ. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఏ పరిశ్రమకూ పొదుపు కానేరదు.