సీటు వస్తుందా? శాతాల లెక్కలో మనం మర్చిపోతున్నది

ఏటా మార్చి నెలాఖరు వచ్చిందంటే అమెరికాలోని మన తెలుగు కుటుంబాల్లో ఒకటే చర్చ. ఎవరి అబ్బాయికి ఎక్కడ సీటొచ్చింది, ఎవరి అమ్మాయికి ఎందుకు రాలేదు అని. మా పిల్లలు ఇంకా చిన్నవాళ్ళే. అయినా సాఫ్ట్‌వేర్ వాడిని కదా, లెక్క చెబుతానని కాబోలు, పెద్ద పిల్లలున్న మిత్రులు నన్ను అడుగుతుంటారు: "శాట్‌లో 1560, అన్నీ ఏ గ్రేడ్లే, కూచిపూడి అరంగేట్రం కూడా అయింది. హార్వర్డ్ ఛాన్సు ఎంతంటావు?"

ఈ ప్రశ్న మన ఎంసెట్ రోజుల నుంచి వచ్చింది. పోయినేడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూసుకుని ధైర్యంగా కౌన్సెలింగ్‌కి వెళ్ళేవాళ్ళం. ఇక్కడి పేరున్న ప్రైవేటు యూనివర్సిటీల్లో అలాంటి గీత లేదు. హార్వర్డ్ మీద నడిచిన కేసులో బయటికొచ్చిన అంకెలే చూడండి. 2015లో చేరిన బ్యాచికి దేశంలోపలి నుంచి దరఖాస్తు చేసినవాళ్ళు సుమారు 26 వేల మంది. వాళ్ళలో 3,400 మందికి పైగా శాట్ లెక్కల్లో పూర్తి స్కోరు తెచ్చుకున్నారు. స్కూలు గ్రేడ్లు పరిపూర్ణంగా ఉన్నవాళ్ళు దాదాపు 8 వేలు. విదేశీయులతో కలిపి అడ్మిషన్ దొరికింది మాత్రం సుమారు 2 వేల మందికి!

పైగా జట్లకు ఎంపికైన క్రీడాకారులకూ, పూర్వ విద్యార్థుల పిల్లలకూ అవకాశం చాలా ఎక్కువని అదే కేసులో తేలింది. కాబట్టి పేపర్లో చూసే మూడు, నాలుగు శాతం సగటు మాత్రమే. ఆ వర్గాల్లో లేని పిల్లలందరినీ కలిపి చూస్తే వాళ్ళ శాతం అంతకన్నా తక్కువే.

2023 జూన్‌లో సుప్రీంకోర్టు అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని చెప్పాక, ఇక మనవాళ్ళకు తిరుగులేదని చాలామంది అనుకున్నారు. 2024లో చేరినవారిలో ఆసియా అమెరికన్ల వాటా ఎం.ఐ.టి.లో 40 నుంచి 47 శాతానికి పెరిగింది. అదే ఏడాది యేల్‌లో 30 నుంచి 24కి తగ్గింది. దీన్ని నమ్ముకుని ఎవరి లెక్కా వేయలేం.

"పది చోట్ల పెడితే ఒకటైనా తగలదా?" అనేది ఇంకో మాట. ఒక్కోచోట ఐదు శాతం ఛాన్సనుకుంటే, పదింటిలో ఒక్కటైనా వచ్చే అవకాశం కాగితం మీద 40 శాతం. కానీ ఆ లెక్క ఒక కాలేజీ నిర్ణయానికీ ఇంకోదానికీ సంబంధం లేనప్పుడే చెల్లుతుంది. అన్నిచోట్లకీ వెళ్ళేది అవే గ్రేడ్లు, అదే ప్రధాన వ్యాసం, అవే సిఫార్సు ఉత్తరాలు. ఒకే కరెంటు లైను మీద పది సర్వర్లు పెట్టి, ఏదో ఒకటి పనిచేయకపోదా అనుకోవడం లాంటిదే ఇది.

అలాగని అంతా చీకటి కాదు. తెలుసుకోగలిగినవి ఉన్నాయి. టెక్సాస్‌లో చట్టప్రకారం క్లాసులో పై వరసలో ఉన్నవారికి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లో ఆ హద్దు 2026 ఫాల్ నుంచి పై 5 శాతం. అయితే ఆ హామీ యూనివర్సిటీకే, కంప్యూటర్ సైన్సుకి కాదు. ఇది తెలియక దెబ్బతిన్నవాళ్ళు మనలో ఉన్నారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు అడ్మిషన్‌కి శాట్ అసలు చూడవు. చాలా కాలేజీలు ఏటా ఇచ్చే కామన్ డేటా సెట్‌లో గ్రేడ్లకీ, స్కోర్లకీ, వ్యాసాలకీ ఎంత ప్రాధాన్యమిస్తారో రాసి ఉంటుంది. ఖర్చు అంచనాకి ప్రతి కాలేజీ వెబ్‌సైటులో కాలిక్యులేటర్ ఉంటుంది.

అందుకే మిత్రులకు నేను శాతం చెప్పను. జాబితా చూపించమంటాను. అందులో తప్పకుండా సీటొచ్చేవీ, ఫీజు మనం భరించగలిగేవీ, పిల్లలు మనస్ఫూర్తిగా వెళ్తామనేవీ కనీసం రెండున్నాయా? ఉంటే మిగతా వాటికి ధైర్యంగా పెట్టనివ్వండి. లేకపోతే, శాట్ ఇంకోసారి రాయించే ముందు ఆ రెండూ వెతకండి. పదిహేడేళ్ళ పిల్లలకు మార్చి నెలాఖరున ఏ ఉత్తరం వచ్చినా, వెళ్ళడానికి ఇష్టమైన చోటంటూ ఒకటి మిగలాలి.